జ్యూరీ సంగతి తర్వాత, ముందు వాంగ్మూలం చూడండి

సంపాదకులకు,

పెద్ద కేసులో నిందితుడు విడుదలైనప్పుడల్లా ‘మనకూ జ్యూరీ ఉంటే ఇలా జరిగేది కాదు’ అన్న మాట వినిపిస్తుంది. జ్యూరీ అంటే కేసు విని దోషో కాదో తేల్చే సామాన్య పౌరుల బృందం. ఒక్క జడ్జిలో ఉండే ఇష్టాయిష్టాలు పదిమందిలో పలచబడతాయని ఆ వాదన. జ్యూరీ మనకు కొత్తేమీ కాదు. 1959లో బొంబాయిలో నౌకాదళ అధికారి నానావతి మీది హత్య కేసు విన్న జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, ఒక్కరు కాదన్నారు. సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు నివేదించారు. హైకోర్టు శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. జ్యూరీ ఆ కేసుతోనే పోయిందని చాలామంది నమ్మకం గానీ, 1958లోనే లా కమిషన్ 14వ నివేదికలో దాన్ని ఎత్తెయ్యమని చెప్పింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇక దానికి చోటే లేదు. జ్యూరీ కారణాలు రాయక్కర్లేదు, జడ్జి రాసి తీరాలి. కారణం రాసి ఉంటేనే కదా అప్పీలులో దాన్ని పట్టుకుని ప్రశ్నించగలిగేది! నా మటుకు నాకు ఈ ఒక్క లాభం చాలు.

అయితే ఆ కారణాలకు ఆధారం సాక్షి చెప్పినట్టుగా టైపైన కాగితం. విచారణ మధ్యలో జడ్జి బదిలీ అయితే, కొత్తగా వచ్చినవారు ఆ కాగితం చదివే తీర్పు చెప్పవచ్చు. అప్పీలులోనైతే సాక్షి మొహం ఎవరూ చూడరు. నేను రాయదలచిన పక్షపాతం చొరబడేది అక్కడే, ఆ కాగితంలో.

చాలా కోర్టుల్లో జరిగేది ఇదీ. సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెబుతాడు. జడ్జి దాన్ని ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు. స్టెనో టైపు చేస్తారు. మన భాషలో అతి ముఖ్యమైన కబురంతా క్రియాపదం చివర ఉంటుంది. తర్జుమాలో ముందు రాలిపోయేదీ అదే.

‘గట్టు దగ్గర కొట్టాడట’ అన్నాడనుకోండి సాక్షి. ఆ ‘ట’ ఒక్క అక్షరమే. ‘నేను చూడలేదు, ఎవరో చెబితే విన్నాను’ అని అతను నిజాయితీగా చెబుతున్న మాట అది. సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలని, చూసిన సంగతైతే చూసినవాడే చెప్పాలని చట్టం; పాత ఎవిడెన్స్ యాక్టులో 60వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 55. ఇంగ్లీషులో ఆ ‘ట’ను మోసే ప్రత్యయం లేదు. ‘అని విన్నాను’ అని డిక్టేషన్‌లో పనిగట్టుకుని చేర్చాలి. హడావిడిలో అది జారిపోయి ‘కొట్టాడు’ అనే పడుతుంది. దాంతో విన్నవాడు చూసినవాడైపోతాడు. ఆ తేడా ఎవరి కంటా పడకపోతే నిందితుడు నష్టపోతాడు. క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం ప్రశ్నించేటప్పుడు, డిఫెన్స్ లాయరు ‘నువ్వు కళ్ళారా చూశావా?’ అని అడిగితే ‘లేదండి, మా వదిన చెప్పింది’ అంటాడు సాక్షి. అక్కడికి చీఫ్‌లో (పిలిచిన పక్షం లాయరు మొదట అడిగినప్పుడు) ఒకటి, క్రాస్‌లో ఒకటి చెప్పాడన్న ముద్ర పడుతుంది, బాధితుడి కేసు కుంటుపడుతుంది. ఎటు తిరిగినా ఆ సాక్షి అబద్ధం ఆడలేదు.

ఇంతకన్నా ప్రమాదం ‘రు’తో. ‘కిరోసిన్ పోసి అంటించారు’ అని మరణ వాంగ్మూలంలో ఒక స్త్రీ అంటుంది. ఎవరు? మన ఇళ్ళలో చాలామంది భార్యలు భర్తను గురించి, కోడళ్ళు అత్తగారిని గురించి ‘రు’ పెట్టే మాట్లాడతారు. అది ఒక్కరి మీది గౌరవమూ కావచ్చు, నిజంగా నలుగురూ కావచ్చు. ‘వాళ్ళు’ అని ఇంగ్లీషులో పడితే ఆడబిడ్డ, మరిది సహా ఇల్లంతా ముద్దాయిలవుతుంది. ‘అతను’ అని పడితే అసలు పోసిన మనిషే జాబితాలోంచి జారిపోవచ్చు. చెప్పినామె బతికి ఉండదు, మళ్ళీ అడగడానికి వీలుండదు. వాంగ్మూలం రాసుకునే మెజిస్ట్రేట్ అప్పుడే, ఎవరి పేరూ అందించకుండా, ‘ఎవరమ్మా? ఒక్కరా, ఇంకెవరైనా ఉన్నారా? ఎవరు ఏం చేశారు?’ అని అడగాలి. ప్రశ్ననూ జవాబునూ రెండింటినీ తెలుగులోనే, ఆమె మాటల్లోనే రాయాలి. కొట్లాట కేసుల్లోనూ ఇదే గొడవ. చట్టవిరుద్ధ సమావేశం అనాలంటే కనీసం ఐదుగురు ఉండాలి. ‘వచ్చి కొట్టారు’ అన్న మాటలో ఆ లెక్క దొరకదు, అడిగి రాబట్టాలి.

‘కదా’తో అడిగే ప్రశ్న మరో చిక్కు. ‘నువ్వు ఆ టైములో అక్కడ లేవు కదా?’ అంటే సాక్షి ‘లేదండి’ అంటాడు. ‘మీరన్నది తప్పు, నేను ఉన్నాను’ అనా, ‘అవును, లేను’ అనా? రెండర్థాలకూ ఆ ఒక్క మాటే సరిపోతుంది. ఏదో ఒకటి టైపవుతుంది, అదే ఖాయమవుతుంది. ‘ఉన్నావా, లేవా?’ అని జడ్జి మళ్ళీ అడగడానికి ఐదు సెకన్లు పట్టదు. వేళల మాట సరేసరి. ‘మాపటేల’ అన్నదాన్ని ఒకరు సాయంత్రం అని, మరొకరు రాత్రి అని రాస్తారు. పోలీసులు దర్యాప్తులో రాసుకున్న స్టేట్‌మెంట్‌లో ఆరు గంటలని ఉంటుంది. ఇంకేం, వైరుధ్యం దొరికినట్టే. సాక్షికి ఫొటో తీసినట్టు జ్ఞాపకం ఉండదని, జనం వేళను అంచనాగానే చెబుతారని సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. అయినా ఈ పాయింటు మీద నేటికీ గంటలకొద్దీ క్రాస్ నడుస్తుంది.

ఇంగ్లీషు వచ్చిన సాక్షి డిక్టేషన్ వింటూనే ‘సార్, నేనలా అనలేదు’ అని అడ్డుపడగలడు. కూలికి పోయేవాడు ఆ పని చెయ్యలేడు. కోయ, లంబాడీ మాట్లాడే మనిషికైతే రెండు తర్జుమాలు, రెండు చోట్ల జారుడు. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కర్లేదు. ఏ జడ్జీ ఏ కులాన్నీ ద్వేషించకపోయినా, నష్టం మాత్రం ప్రతిసారీ చదువులేని సాక్షి వైపే ఒరుగుతుంది. జ్యూరీని పెట్టినా అప్పీలుకు వెళ్ళేది ఈ కాగితమే.

దీనికి మందు చట్టంలోనే ఉంది. సాక్షి కోర్టు భాషలో చెబితే ఆ భాషలోనే రాయాలి. పూర్తయ్యాక నిందితుడి ఎదుటో, అతని లాయరు ఎదుటో సాక్షికి చదివి వినిపించాలి. రాసిన భాష సాక్షికి రాకపోతే వచ్చిన భాషలో చెప్పాలి. తప్పుందని సాక్షి అంటే దిద్దాలి, లేదా అతని అభ్యంతరాన్ని నోట్ చెయ్యాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 277, 278 సెక్షన్లు; దాని బదులు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్‌)లో 312, 313. ఆచరణలో ఏమవుతోందంటే, ‘చదివి వినిపించగా సరియని ఒప్పుకొన్నాడు’ అన్న వాక్యం కంప్యూటరు ఫార్మాట్‌లో ముందే ఉంటుంది. బయట పది కేసులు ఎదురుచూస్తుంటాయి. సాక్షి సంతకం పెట్టి బస్సుకు పరుగెత్తుతాడు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింది కేసుల్లో కులం పేరుతో తిట్టిన మాటను తెలుగులో ఉన్నదున్నట్టు రాయడం మనకు అలవాటే, మాట మారితే నేరమే మారిపోతుంది కాబట్టి. ఆ శ్రద్ధే క్రియాపదానికీ చూపమంటున్నాను. వాంగ్మూలమంతా తెలుగులో రాయడం కుదరని చోట కనీసం ఎవరు కొట్టారు, ఎలా తెలిసింది, ఎంతమంది, ఏ వేళ అన్న నాలుగు జవాబులను తెలుగు లిపిలో సాక్షి మాటల్లోనే ఇంగ్లీషు వాక్యం పక్కన చేర్చవచ్చు. పీపీలు (ప్రభుత్వం తరఫు లాయర్లు) చీఫ్‌లోనే ‘చూశావా, విన్నావా?’ అని అడిగి తేల్చుకోవాలి. క్రాస్ తర్వాత మళ్ళీ అడిగే రీ-ఎగ్జామినేషన్ దాకా ఆగితే అప్పటికి క్రాస్‌లో జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. సాక్ష్యాన్ని ఆడియో, వీడియోలో రికార్డు చేసే వీలూ చట్టం ఇచ్చింది. సెషన్స్ కేసుల్లో ఆడియో తప్పనిసరి చేసి, అప్పీలు ముగిసేదాకా భద్రపరచి, వాంగ్మూలం మీద వివాదం వస్తే ఆ నిమిషం దగ్గర వినే ఏర్పాటు ఉండాలి. ఇందుకు హైకోర్టులు జిల్లా జడ్జిలకు ఒక్క సర్క్యులర్ పంపితే పని మొదలవుతుంది.

ఇట్లు,
ట్రయల్ కోర్టు న్యాయవాది