అన్నమయ్య ఎక్కువయ్యాడా అని అడిగిన రేడియో అధికారి గారికి

మా రేడియో కేంద్రం కార్యక్రమాల అధికారి గారికి,

తిరుపతి నుంచి ఒక దర్జీ నమస్కరించి రాసుకునేది. ఇంతకు ముందు రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు కాబట్టి ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. రిజిస్టర్ పోస్టు రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. అందినట్టు మీ ఆఫీసు ముద్ర కూడా ఉంది. చదివినట్టు మాత్రం ఎక్కడా ఆనవాలు లేదు.

వైశాఖ పున్నమినాడు మొదలుపెట్టి పక్షం రోజులు మీరు నడిపిన అన్నమయ్య ప్రసారాల గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? అది ముగిశాక అభిప్రాయ సేకరణలో శ్రోతల నుంచి అపూర్వ స్పందన వచ్చిందని మీ అనౌన్సరు గారు చదివారు. ఏ శ్రోతలండీ వాళ్లు? పొద్దున షట్టరు తీసింది మొదలు రాత్రి మూసేదాకా నా మిషను పక్కన రేడియో మోగుతూనే ఉంటుంది. నన్నయితే ఎవరూ అడగలేదు. మా వీధిలో పూలు కట్టే ఆమెనూ అడగలేదు, ఎదురుగా ఇడ్లీ బండి పెట్టే ఆయననూ అడగలేదు. వాళ్లు కూడా నా రేడియోనే వింటారు, కావలసివస్తే సాక్ష్యం చెబుతారు.

అభిప్రాయం చెప్పాలంటే ఫోన్లో లింకు తెరవాలట. ఆ లింకు ఎక్కడుందో రేడియోలో చెప్పకుండా మీ పేజీలో చూసుకోమన్నారు. రేడియో వినేవాళ్లను కళ్లతో చూసుకోమనడం మీకే చెల్లింది. మా మనవరాలు ఎలాగో తెరిచి నా చేతికిచ్చింది. "ఒకే వాగ్గేయకారుడికి ఇంత సమయం కేటాయించడం మీకు నచ్చిందా?" అని ప్రశ్న. అంటే అన్నమయ్య ఎక్కువయ్యాడా అనేగా! కింద నచ్చింది, బాగా నచ్చింది, చాలా బాగా నచ్చింది అని మూడు గుండ్రాలు. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాడు కూడా వద్దనడానికి ఇంతకన్నా ఎక్కువ అవకాశం ఇస్తాడు. సరే, కింద రాయడానికి గడి ఉంది కదా అని తెలుగులో రాయబోతే అది తెలుగు అక్షరాలు తీసుకోలేదు. అన్నమయ్య గురించి చెప్పడానికి తెలుగు పనికిరాదన్నమాట. బాగుంది సార్.

అసలు సంగతికి వస్తాను. ఇంత సమయం అన్నారు, ఆ సమయంలో ఏం వేశారు? పొద్దున బ్రహ్మమొక్కటే, మధ్యాహ్నం అదే పాట ఇంకొకరి గొంతులో, సాయంత్రం అదే వీణ మీద, రాత్రి అదే శాక్సఫోన్ మీద. మర్నాడు అదివో అల్లదివో వంతు. తర్వాత ముద్దుగారే యశోద. మళ్లీ బ్రహ్మమొక్కటే. ఇవి చెడ్డ పాటలని నేననడం లేదు, అంటే నా నోరు పడిపోతుంది. కానీ ఇవి కొండ కింద ప్రతి హోటల్లో, ప్రతి బస్సులో, ప్రతి కల్యాణ మండపంలో ఎలాగూ మోగుతున్నాయి. వాటి కోసం పదిహేను రోజులు ప్రత్యేక ప్రసారం దేనికి?

ఆయన 32 వేల సంకీర్తనలు చెప్పాడని అంటారు. రాగిరేకుల మీద చెక్కి ఉంచగా మనకు దక్కినవే 12 వేలకు పైన. అన్నీ వేయమని అడిగేంత అమాయకుణ్ణి కాను. పదిహేను రోజుల్లో వేయాలంటే రోజుకు ఎనిమిది వందలు కావాలి, ఇరవైనాలుగు గంటలూ చాలవు, పైగా చాలావాటికి బాణీలే లేవు. రేకుల మీద రాగం పేరుంది గానీ స్వరం లేదు, అదీ తెలుసు. కానీ బాణీ కట్టినవైనా ఉన్నాయి కదా! ఈ ఊళ్లోనే ఉండి, మన మధ్యే తిరిగి, 2025 మార్చిలో వెళ్లిపోయిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారొక్కరే ఆరు వందలకు పైగా సంకీర్తనలకు స్వరాలు కట్టారు. వాటిలో ఎన్ని వినిపించారు మీరు? రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు బాణీ కట్టినవి ఎన్ని? సంగీత విద్వాంసులు నేదునూరి కృష్ణమూర్తి గారి నానాటి బతుకు వేశారు, సంతోషం. ఆ రేవతి రాగం బాణీ ఆయనదని ఒక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయింది? పాట పాడినవాళ్ల పేరు, ప్రాయోజకుల పేరు రెండేసి సార్లు చెబుతారు. బాణీ కట్టినాయన ఊసే ఉండదు. వినేవాళ్లు అదంతా అన్నమయ్య కాలం నాటి బాణీయే అనుకుంటున్నారు, వాళ్ల తప్పేముంది?

ప్రసారాలు మొదలవకముందు మీరేం చెప్పారో ఒకసారి మీ రికార్డులో వినండి. "ఎన్నడూ వినని సంకీర్తనలు, అపురూప రాగాలు" అన్నారు. కొండమలహరి, అమరసింధు అని రేకుల మీద పేర్లున్నాయి. ఆ రాగాలు ఎలా ఉండేవో ఒక విద్వాంసుణ్ణి పిలిచి పావుగంట మాట్లాడించినా వినేవాళ్లం. కొడుకు పెదతిరుమలాచార్యుల సంకీర్తనలు, మనవడు చినతిరుమలాచార్యులవి కూడా వస్తాయన్నారు. రాలేదు. శృంగార సంకీర్తనలైతే అడగనే అక్కర్లేదు. రేకుల్లో ఎక్కువ భాగం అవే, మీ ప్రసారంలో మాత్రం ఆ వాసనే లేదు. అలమేలుమంగ అలక గురించి ఆయన సిగ్గుపడకుండా పాడితే, అయిదు వందల ఏళ్ల తర్వాత మీరు సిగ్గుపడుతున్నారా? పెళ్లిపట్టు జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే అమ్మాయిలకు ఆ పాటలు ఎంత నచ్చుతాయో మీకు తెలియదు.

లండన్లో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినిపించే బీబీసీ రేడియో 3 వాళ్లు 2005 జూన్లో బీతోవెన్‌కు, అదే ఏడు డిసెంబరులో బాఖ్‌కు, 2011 జనవరిలో పన్నెండు రోజుల పాటు మోజార్ట్‌కు రేడియో మొత్తం అప్పగించారని మా మనవరాలు చదివి చెప్పింది. వాళ్లు ఒక్కరినే పట్టుకుంటే ఆయన రాసినదంతా బయటపెట్టాలని చూశారు. అప్పుడు "ఎక్కువైందా?" అని అడిగితే అర్థముంది. గంటకో బ్రహ్మమొక్కటే వేసి అన్నమయ్య ఎక్కువయ్యాడా అని మీరడగడం ఏ లెక్కలో వస్తుంది?

నా టెన్షన్ ఏమిటంటే, ఆటో అబ్బాయి ఒకడు నా కొట్లో కూచుని "రోజూ ఇదే పాటేనా అన్నా, స్టేషన్ మార్చు" అన్నాడు. వాడికి విసుగొచ్చింది ఆ ఒక్క పాట మీద. మీ కాగితాల్లో అది అన్నమయ్య మీద విసుగైపోతుంది. రేపు సినిమా పాటలు పెంచడానికి అదే సాకు. లేదా మీ మూడు గుండ్రాల లెక్క చూపించి వచ్చే ఏడు కూడా ఇవే పాటలు వేస్తారు. రెండూ మాకు నష్టమే.

పనిలో పనిగా ఇంకో మాట. ఈ ప్రసారాల కోసం మదనపల్లె టమాటా ధరలు చెప్పే వేళ మార్చారు. మా బావమరిది రోజూ ఆ ధర విని బండి కట్టేవాడు. మీకు ఫోన్ చేస్తే "సంగీతం ముఖ్యం కదండీ" అన్నారట. సంగీతం ముఖ్యమే, అందుకే కదా నేనింత రాస్తున్నది!

దయచేసి అభిప్రాయ సేకరణ మళ్లీ పెట్టండి. పోస్టు కార్డులు తీసుకోండి. ఫోన్ చేసి నోటితో చెబితే రాసుకునే మనిషి ఒకరుండాలి. ఏయే పాట ఎన్నిసార్లు వేశారో ఆ పట్టిక బయటపెట్టండి, అది చూసి మేమే చెబుతాం ఎక్కువైందో తక్కువైందో. వినని పాటలు వేయండి. బాణీ ఎవరిదో చెప్పండి. పుత్తూరు దారిలో వెళ్తూ త్యాగయ్య గారు నా జీవాధార పాడారని చెప్పుకునే జిల్లా ఇది, భక్త కవయిత్రి తరిగొండ వెంగమాంబ పుట్టిన సీమ ఇది. వాళ్లకూ తలా పది రోజులు ఇస్తానంటే మాలో ఎవరూ కాదనరు. అప్పుడైనా ఒకే పాట తిప్పి తిప్పి వేయకండి మహాప్రభో.

ఈ ఉత్తరానికైనా జవాబు రాయండి. తెలుగులో రాస్తే చాలు.

ఇట్లు,
తమ విధేయుడు,
గాంధీ రోడ్డు దగ్గర కొట్టు పెట్టుకున్న ఒక దర్జీ, తిరుపతి