సంతకం సరే, పని చూసిందెవరు?

సంపాదకుల గారికి,

రక్షణ కొనుగోళ్ల కొత్త మాన్యువల్‌పై మీ కథనం ఆలస్యంగా చదివాను. 2009 నాటి నిబంధనలు పోయి, 2025 నవంబరు 1 నుంచి కొత్తవి వచ్చాయి. ఏటా దాదాపు లక్ష కోట్ల రూపాయల రెవెన్యూ కొనుగోళ్లు (బలగాల నిత్య నిర్వహణకు కావలసిన వస్తువులు, మరమ్మతులు, సేవలు) వీటి కిందికే వస్తాయి. ఓడను విప్పాక బయటపడే అదనపు మరమ్మతులకు ముందే 15 శాతం కేటాయించుకోనివ్వడం ఎప్పుడో చేయవలసిన పని. సంతోషం.

కానీ డబ్బిచ్చి కొన్న సేవ అందిందో లేదో చూసేదెవరు? మీ కథనంలో ఆ ఊసే లేదు. వస్తువైతే లెక్కపెట్టి, పరీక్షించి స్టోర్లో దించుకుంటారు. కాపలా, పారిశుద్ధ్యం, యంత్రాల నిర్వహణ జరిగేటప్పుడే చూడాలి. నెలాఖరున చూడటానికి కాగితం తప్ప ఏమీ మిగలదు.

నేను పనిచేసిన యూనిట్‌లో జనరేటర్లకు వార్షిక నిర్వహణ కాంట్రాక్టు ఉండేది. మూడు నెలలకోసారి ఫిల్టరు మార్చినట్టు లాగ్‌బుక్‌లో నాలుగు సంతకాలు, నాలుగూ ఒకే సిరాతో. ఫిల్టరు బోల్టుల మీద పాత పెయింటు మాత్రం చెక్కుచెదరలేదు. అయినా ‘పని సంతృప్తికరం’ అని రాసిచ్చారు, బిల్లు పాసైంది. రాసిచ్చిన అధికారి చేతికి కాంట్రాక్టు ప్రతి కూడా ఎవరూ ఇవ్వలేదు!

చాలా టెండర్లలో ఎంతమంది మనుషులు కావాలో ఉంటుంది, పని ఏ స్థాయిలో జరగాలో ఉండదు. ఎల్‌-1 కోసం, అంటే అందరికన్నా తక్కువ ధర చూపి టెండరు దక్కించుకోవడానికి, తన సర్వీసు చార్జీని అట్టడుగుకు దించిన కాంట్రాక్టరు లాభం ఎక్కడ చూసుకుంటాడు? కూలీల జీతాల్లో, పీఎఫ్‌లో. సైనిక స్థావరం ఊడ్చే మనిషికి కనీస వేతనం పూర్తిగా అందకపోవడం సిగ్గుచేటు.

ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల కాంట్రాక్టుల్లో కనీసం 3,100 కోట్ల డాలర్లు వృథాకూ మోసాలకూ పోయాయని అమెరికా విచారణ కమిషన్ 2011లో తేల్చింది. అజమాయిషీకి తగినంత సిబ్బంది లేకపోవడం అక్కడా ఒక కారణమే. మన దగ్గర ఏ శాఖలో చూసినా ఇదే తంతు. ఆడిట్ అభ్యంతరం వచ్చేసరికి సంతకం పెట్టినాయన బదిలీపై మరో ఊళ్లో ఉంటాడు, జవాబు చెప్పవలసినవాడికి విషయం తెలియదు.

ప్రతి సేవా కాంట్రాక్టుకూ శిక్షణ పొందిన ఒక అధికారిని పేరుతో సహా నియమించాలి. ఇతర విధులు తగ్గించి, కాంట్రాక్టు ప్రతి చేతికివ్వాలి. ఆయన రోజువారీ తనిఖీ రికార్డు జతపరచని బిల్లును అకౌంట్స్ విభాగం వెనక్కి పంపాలి. బదిలీ అయితే, నడుస్తున్న కాంట్రాక్టుల లోటుపాట్లను లిఖితపూర్వకంగా అప్పగించాకే ఆయనను రిలీవ్ చేయాలి.

— రక్షణ శాఖ విశ్రాంత ఉద్యోగి