గిన్నెల లేత్‌కి ముందు బరువు చూడు బావా

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం అందింది. ఇంట్లో ఉన్న డ్రిల్ మిషన్‌నే బల్లకి బిగించి చెక్క గిన్నెలు తిప్పుకుంటే సరిపోదా అని అడిగావు. సరిపోదురా. డ్రిల్లు ముందుకి నొక్కే పనికి చేసిన వస్తువు. గిన్నెగా కోసే చెక్క దిమ్మ దాన్ని పక్కకి గుంజుతుంది. ఆ గుంజుడుకి లోపలి చిన్న బేరింగులు వదులైపోతాయి, బిట్టుని పట్టుకునే చక్ ఊగుతుంది, మోటారు వేడెక్కి కాలిన వాసన వస్తుంది. చిన్న చిన్న పిడులైతే తిప్పుకోవచ్చేమో గానీ, నీకు కావలసింది నలుగురికి పులిహోర పట్టే గిన్నె కదా. దానికి లేత్, అంటే చెక్కని గిరగిరా తిప్పుతూ ఉలితో కోసుకునే మిషన్, కట్టుకోవలసిందే. కొనడం కన్నా కట్టుకోమనే చెప్తాను, ఎందుకంటే తక్కువ ధరకి దొరికే చిన్న లేత్‌లలో అసలు కావలసిన బరువే ఉండదు.

ఏటికొప్పాకలో అంత చిన్న మిషన్ల మీద అంత నున్నటి బొమ్మలు వస్తున్నాయి కదా, మనకెందుకింత బరువు అన్నావు. మంచి ప్రశ్న. వాళ్లు వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో (చెక్కలోని నారతో) ఉంటుంది. కర్ర ఏ దిక్కున పెరిగిందో ఆ దిక్కునే మిషన్‌కి బిగిస్తారు, కాబట్టి ఉలి ఎప్పుడూ పోగు పక్కనుంచే కోసుకుపోతుంది. గిన్నెకి అలా కాదు. దుంగని నిలువునా చీల్చి, ఆ చెక్కని అడ్డంగా బిగిస్తాం. ఒక్కో చుట్టులో ఉలి రెండుసార్లు పోగు కొసల్ని కొట్టుకుంటూ పోవాలి. పైగా దిమ్మ ఎంత గుండ్రంగా కోసినా ఒక పక్క చేవ, ఇంకో పక్క పచ్చి ఉంటే బరువు సమానంగా ఉండదు. ఆ తేడా మొత్తం మిషన్‌ని కుదిపేస్తుంది. వేగం రెట్టింపయితే కుదుపు నాలుగు రెట్లవుతుంది. అందుకే బరువు ఎక్కువ, వేగం తక్కువ. లేత్ కట్టేటప్పుడు ఏ సందేహం వచ్చినా ఈ రెండింటి వైపే మొగ్గు.

స్టాండుకి పాత ఇనుము కొట్లో 100 మిల్లీమీటర్ల సి ఛానల్ (సి ఆకారపు ఇనుప దూలం) వెతుకు. నాలుగు కాళ్లూ కింద కాస్త ఎడంగా ఉండేలా వెల్డింగ్ చేయించు. కాళ్ల మధ్య రేకుతో పెట్టెలా కట్టి ఇసుక నింపు. ఇసుక బరువు ఇవ్వడమే కాదు, అదురుని కూడా మింగేస్తుంది. చెక్క స్టాండు చాలని ఎవరైనా అంటే వినకు.

ఇరుసుకి 30 మిల్లీమీటర్ల షాఫ్ట్ తీసుకో. రైస్ మిల్లు సామాన్లు అమ్మే కొట్లో యూసీపీ 206 ప్లమ్మర్ బ్లాకులు (బేరింగు ఉన్న ఇనుప దిమ్మెలు) రెండు అడుగు. రెండింటి మధ్య జానెడు దూరం ఉండాలి. ముందుదాన్ని దిమ్మకి ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది, షాఫ్ట్ బయటికి పొడుచుకొచ్చిన కొద్దీ ఊగుతుంది. షాఫ్ట్ కొసకి లేత్ షాపులో దానికన్నా సన్నగా ఎం24 (24 మిల్లీమీటర్ల) మర వేయించు. మామూలు కుడి మరే. దిమ్మ పైనుంచి నీ వైపు తిరుగుతుంది కాబట్టి కోసే కొద్దీ ఫేస్‌ప్లేట్ (దిమ్మని స్క్రూలతో బిగించే ఇనుప పళ్లెం) బిగుసుకుంటుంది. మోటారు తిరగేసి తిప్పావంటే మాత్రం ఊడి మీదికొస్తుంది, జాగ్రత్త. ఫేస్‌ప్లేట్ ఆనుకోవడానికి మర వెనక చదునైన మెట్టు వదలమని ఆ పనివాడికి గట్టిగా చెప్పు. ఆ మెట్టు సరిగ్గా లేకపోతే ఎన్నిసార్లు బిగించినా దిమ్మ వంకరగానే తిరుగుతుంది. దిమ్మని ప్లేటుకి బిగించేటప్పుడు నల్లటి జిప్సమ్ బోర్డు స్క్రూలు వాడకు, అవి పుటుక్కున విరుగుతాయి. లావుపాటి చెక్క స్క్రూలే వాడు.

మోటారు 1 హెచ్‌పీ, నిమిషానికి 1440 చుట్లది చాలు. దానికొకటి, షాఫ్ట్‌కి తిరగేసి ఇంకొకటి, 2-3-4-5 అంగుళాల మెట్ల పుల్లీలు వేయించు. మోటారు వైపు 2, షాఫ్ట్ వైపు 5 మీద బెల్టు వేస్తే నిమిషానికి 576 చుట్లు. పక్క మెట్టుకి మారిస్తే 1080. దిమ్మ వ్యాసం అంగుళాల్లో ఎంతో దాన్ని చుట్లతో గుణిస్తే 6000కీ 9000కీ మధ్య ఉండాలన్నది పనివాళ్ల లెక్క. 10 అంగుళాల దిమ్మకి 576 ఆ లెక్కకి కాస్త తక్కువే, మొదట్లో అలాగే మంచిది. గుండ్రం తేలాక కూడా 900 దాటించకు, కాబట్టి 1080 మెట్టు 8 అంగుళాల లోపు గిన్నెలకే. తక్కిన రెండు మెట్లు సన్నటి పుల్లల పనికే తప్ప గిన్నెకి వద్దు. అదే 10 అంగుళాల దిమ్మ 3600 చుట్ల మీద తిరిగితే దాని అంచు గంటకి 170 కిలోమీటర్లు దాటి పోతుంది. పగిలిందా, ఆ ముక్క ఎటు వస్తుందో చూసే టైమ్ కూడా ఉండదు.

ఇది మాత్రం నా కోసం చెయ్యి బావా. మామూలు స్విచ్ పెట్టకు. పొలం మోటార్లకి ఉండేలాంటి బటన్ స్టార్టర్ పెట్టు. కరెంటు పోయాక నువ్వు ఉలి పక్కన పెట్టి దిమ్మని చేత్తో తడుముతూ ఉంటే, కరెంటు వచ్చిందంటే మామూలు స్విచ్‌తో మిషన్ దానంతటదే తిరుగుతుంది. స్టార్టర్ అయితే పచ్చ బటన్ నొక్కేదాకా కదలదు. ఎర్త్ తప్పకుండా వేయించు. ముఖానికి షీల్డ్ పెట్టుకో, చేతికి గ్లౌజులు వద్దు, భుజం మీద తువ్వాలు అసలే వద్దు. స్విచ్ వేసే ముందు ప్రతిసారీ దిమ్మని చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకో.

ఉలి విషయంలో పిసినారితనం చెయ్యకు. అరంగుళం హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బౌల్ గౌజ్, అంటే గిన్నెలు తొలిచే గాడి ఉలి, ఒక్కటి కొంటే చాలు. పాత ఆకురాయిని సానపట్టి వాడమని చాలామంది చెప్తారు. అది గట్టిగా ఉంటుందే గానీ పెళుసు, దెబ్బ తగిలితే ముక్కలవుతుంది. గౌజ్ ఏటవాలు ముఖాన్ని ముందు చెక్కకి ఆనించు, తర్వాత పిడి మెల్లగా పైకెత్తు. పొట్టు రిబ్బనులా వస్తే సరిగ్గా కోస్తున్నట్టు. దుమ్ములా రాలితే పదును పోయినట్టు.

ఇక చెక్క. మీ పెరట్లో గాలివానకి పడిన మామిడిని పొయ్యిలోకి ఇచ్చేస్తామని రాశావే, దయచేసి ఆపు! అందులో ఎన్ని గిన్నెలున్నాయో నీకు తెలీదు. కోత మిల్లులో దుంగని నడిమికి నిలువునా చీల్పించు, నడిబొడ్డు (దుంగ మధ్య గుజ్జు) ఏ ముక్కలోనూ ఉండకూడదు, అక్కడినుంచే పగులు మొదలవుతుంది. కొసలకి మైనం పూసెయ్యి. పచ్చిగా ఉన్నప్పుడే 10 అంగుళాల గిన్నెకి అంగుళం మందం వదిలి మొరటుగా తిప్పి, దాని పొట్టులోనే కప్పి నీడలో ఉంచు. ఆరేసరికి కోడిగుడ్డులా సాగి ఉంటుంది. కంగారుపడకు, మందం వదిలింది అందుకే. మళ్లీ బిగించి సన్నగా తిప్పు. తిప్పేటప్పుడు మాస్కు పెట్టుకో, మామిడి రజను కొందరికి పడదు.

పైపూత ఏం వెయ్యాలో నువ్వే తేల్చుకో. నాకైతే లక్కే ఇష్టం. తిరిగే చెక్కకి లక్క కర్ర ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టేస్తుంది, చూస్తుంటే ముచ్చటేస్తుంది. వేడి కూరలు వేసే గిన్నెకి మాత్రం వద్దు, లక్క మెత్తబడిపోతుంది.

ముందు నువ్వు నిటారుగా నిలబడి, నేలనుంచి నీ మోచేతి దాకా ఎత్తు కొలిచి రాయి. షాఫ్ట్ ఆ ఎత్తులో ఉంటేనే నడుము బతుకుతుంది. అది అందగానే స్టాండు కొలతలు వేసి పంపిస్తాను. అత్తకి నమస్కారాలు చెప్పు, చెల్లాయిని అడిగానని చెప్పు.

ఉంటాను,
నీ బావ