గంజాం–సిక్కోలు తీరంలో క్యారవాన్లకు రాత్రి మజిలీలు కావాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఉత్తరాన చిలికా ఒడ్డునున్న రంభ, బర్కుల్ మొదలుకొని దక్షిణాన ఇచ్ఛాపురం, బారువ, కళింగపట్నం వరకు, పడమట పర్లాకిమిడి మీదుగా చంద్రగిరి కొండల దాకా విస్తరించిన మా సరిహద్దు ప్రాంతాన్ని సొంత బండిలో తీరుబడిగా చూడదలచిన వారికి రాత్రిపూట నిశ్చింతగా నిలిచే చోటు కరువైంది. ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా ఒడిశా, ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను, నా భార్య బరంపురం వాసులం. ఉద్యోగ విరమణ తరువాత గత శీతకాలంలో ఈ ప్రాంతమంతటినీ ఒక చిన్న క్యారవాన్‌లో చుట్టి వచ్చాం. మా అబ్బాయి ఒక పాత టెంపో ట్రావెలర్‌ను కొని, అందులో రెండు పడకలు, రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్, నీళ్ల ట్యాంకు, పైకప్పు మీద సోలార్ పలక అమర్పించాడు. బండి నిర్మాణంలో ఇటువంటి మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి తప్పనిసరి కనుక, ఆ కాగితాలన్నీ చేతికొచ్చాకే బయలుదేరాం. ఏసీ పెట్టించలేదు. మార్గశిర, పుష్య మాసాల్లో ఈ తీరాన కిటికీలకు దోమతెర ఉంటే సరిపోతుంది.

రోజుకు ఇంత దూరం వెళ్లాలన్న లెక్క మేము పెట్టుకోలేదు. మొదట ఉత్తరంగా చిలికాకు వెళ్లాం. 1981లో రామ్‌సర్ ఒప్పందం కింద మన దేశం నుంచి మొట్టమొదట గుర్తింపు పొందిన రెండు చిత్తడి నేలల్లో చిలికా ఒకటి. జాతీయ రహదారి మీద కారులో వెళ్లేవారు రంభ దగ్గర పది నిమిషాలు ఆగి, ఫొటో తీసుకుని, పూరీకి వెళ్లిపోతారు. అక్కడే రాత్రి నిద్రించి తెల్లవారుజామున లేచి చూసిన వారికి మాత్రమే ఆ సరస్సు అసలు రూపం తెలుస్తుంది. మంచులో పడవలు కనిపించవు, తెడ్డు చప్పుడు మాత్రం వినిపిస్తుంది. పొద్దెక్కేసరికి రొయ్యలు, పీతలు ఒడ్డుకు చేరతాయి. గది అద్దెకు తీసుకుని, దానిని ఖాళీ చేయవలసిన వేళను తలచుకుంటూ ఉండేవారికి ఇటువంటి ఉదయాలు అంత సులభంగా దక్కవని నా అభిప్రాయం.

అక్కడి నుంచి గోపాలపురం మీదుగా ఇచ్ఛాపురం వైపు దిగాం. బాహుదా నది దగ్గర రాష్ట్రం మారుతుంది గాని, సముద్రమూ, ఇసుకా, వలలూ, మాటా మారవు. గోపాలపురంలో ఒడియావారు నోళియాలని పిలిచే మత్స్యకారుల ఇళ్లలో నేటికీ తెలుగే వినిపిస్తుంది. బారువ చేరిన రోజు సాయంత్రం సముద్రానికి మరీ దగ్గరగా బండి నిలపబోతుంటే, తట్ట నెత్తిన పెట్టుకుని వెళుతున్న ఒకామె ఆగి, “ఇక్కడొద్దు బాబూ, పోటొస్తే ఇసుక మెత్తబడిపోద్ది, బండి దిగబడిపోద్ది. ఆ సరుగుడు తోట కాడ ఎట్టుకోండి” అని దారి చూపించింది. తెల్లవారాక నా భార్య ఆమె దగ్గరే కానాగంత చేపలు కొని, ఇంటి నుంచి తెచ్చిన చింతపండుతో పులుసు పెట్టింది. బండి చుట్టూ చేరిన పిల్లలు మొదట “సినిమా షూటింగేటండీ?” అని అడిగారు. క్యారవాన్ అనగానే నటీనటుల బండి అనుకోవడం మన వైపు సహజమే. ఇది మా ఇల్లేనని చెప్పి లోపలికి పిలిచి చూపిస్తే, గ్యాస్ పొయ్యి, పడక కింద బీరువా చూసి ఆశ్చర్యపోయారు. ఆ పూట మేము బారువ వదిలి వెళ్లలేకపోయాం. ఇటువంటి ప్రయాణంలో ఉన్న గొప్ప సౌఖ్యం అదే. నచ్చిన చోట మరొక రోజు ఉండిపోవడానికి ఎవరి అనుమతీ, ఏ బుకింగూ అవసరం ఉండదు.

తరువాత తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను చూశాం. ఆ పక్షులు రాకపోతే ఊరికి మంచిది కాదని నమ్మే గ్రామస్థులే వాటికి తరతరాలుగా కాపలా. నౌపడ ఉప్పు మళ్ల పక్కగా, కళింగపట్నం దీపస్తంభం మీదుగా వంశధార వెంట పైకి వెళ్లి శ్రీముఖలింగం చేరాం. తూర్పు గాంగుల కాలపు మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ ఒక్క ఊళ్లోనే ఉన్నాయి. గోడల మీది శిల్పాల ముందు నిలబడితే పొద్దు తెలియదు. అక్కడికి పర్లాకిమిడి దగ్గరే. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఆ ఊరు దాటాక సవరల కొండలు మొదలవుతాయి. ఆర్. ఉదయగిరి, మోహన మీదుగా చంద్రగిరికి, 1963 నుంచి అక్కడ స్థిరపడిన టిబెటన్ల మొక్కజొన్న పొలాలకు, 2010లో దలైలామా ప్రారంభించిన పద్మసంభవ మహావిహారానికి వెళ్లి, తప్తపాణి వేడినీటి బుగ్గ చూసుకుని బరంపురం తిరిగి వచ్చాం. సముద్రం, సరస్సు, నది, పురాతన ఆలయం, బౌద్ధ విహారం, అడవి ఇంత దగ్గర దగ్గరగా ఒకే వలయంలో ఉన్న ప్రాంతం తూర్పు తీరంలో ఇంకొకటి ఉందని నేను అనుకోను.

ఇక కష్టం సంగతి. పగలు ఎక్కడికి వెళ్లినా ఆదరణే, చీకటి పడితేనే ఆందోళన. కొన్ని రాత్రులు జాతీయ రహదారి పక్కన పెట్రోలు బంకుల్లో, లారీల నడుమ, ఇంజన్ల హోరులో గడపవలసి వచ్చింది. ఒక ధాబా యజమాని పెద్ద మనసుతో నీళ్ల ట్యాంకు నింపుకోనిచ్చి డబ్బు తీసుకోలేదు. కాని ప్రయాణికుల అవసరం ప్రతిసారీ ఒకరి మంచితనం మీద ఆధారపడకూడదు కదా. ఒక ప్రభుత్వ అతిథి గృహంలో విశాలమైన ఆవరణ ఖాళీగా ఉన్నా, గది తీసుకుంటే తప్ప బండి లోపల పెట్టనివ్వమన్నారు. గది అద్దెలో సగం ఇస్తామన్నా, అలాంటి రసీదు తమ దగ్గర లేదన్నారు. అక్కడి ఉద్యోగిది తప్పని నేను అనను. ఆయనకు ఉన్న నిబంధనల్లో మాలాంటి వారికి చోటు లేదు. అన్నిటికంటే ఇబ్బంది వంటింటి మురుగు, మరుగుదొడ్డి పెట్టె ఖాళీ చేయడం. మనస్సాక్షి ఉన్నవారు దానిని చెరువు గట్టునో, ఇసుకలోనో పారబోయలేరు. ఏర్పాటు లేకుండానే రేపు ఇటువంటి బండ్లు పెరిగితే అందరూ అంత జాగ్రత్తగా ఉంటారని నమ్మకం లేదు. మజిలీలు ఇప్పుడే కావాలనడానికి నాకు కనిపించే ముఖ్య కారణం ఇదే.

కేరళ 2021లోనే క్యారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించింది. మహారాష్ట్ర కూడా అదే ఏడాది ముందుకు వచ్చింది. అయితే ఆ తరహా పెద్ద పార్కులు, విలాస వసతులు మన తీరానికి తక్షణం కావాలని నేను కోరడం లేదు. గట్టి నేల మీద నాలుగైదు బండ్లు నిలిచే జాగా, ఒక కుళాయి, 15 ఆంపియర్ల ప్లగ్గు, శుభ్రమైన మరుగుదొడ్డి, మురుగు వదలడానికి సెప్టిక్ ట్యాంకుకు కలిపిన ఒక తూము, ఒక కాపలాదారు ఉంటే చాలు. రంభ, బర్కుల్, తప్తపాణిలలో ఒడిశా పర్యాటకాభివృద్ధి సంస్థ వారి పాంథనివాసాల ఆవరణలు ఉన్నాయి. కొత్తగా భూమి సేకరించనక్కరలేదు, బండికి ఇంత అని రుసుము నిర్ణయించి రసీదు పుస్తకం ఒకటి అచ్చు వేయిస్తే పని మొదలవుతుంది.

తీర గ్రామాల విషయంలో మరొక మార్గం ఉంది. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటలను నేలకూల్చిన తిత్లీ, మా జిల్లాల వారెవరూ మరచిపోలేనివి. ఇటువంటి తుఫానుల భయంతోనే రెండు రాష్ట్రాల తీర గ్రామాల్లోనూ తుఫాను షెల్టర్లు కట్టారు. అవి మెరక మీద, మంచి రోడ్డు చేరువలో, నీళ్లు, మరుగుదొడ్లతో ఉంటాయి. ఏడాదిలో అధిక భాగం వాటి ముందున్న జాగా ఖాళీయే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఆ జాగాలో బండ్లు నిలుపుకోనిచ్చి, వచ్చిన రుసుమును ఆ భవనం మరమ్మతులకే కేటాయిస్తే, సున్నం వేయడానికి కూడా పై నుంచి నిధులు రావాలని ఎదురుచూసే అవస్థ గ్రామ కమిటీలకు కొంత తగ్గుతుంది. తుఫాను హెచ్చరిక వెలువడిన వెంటనే బండ్లు ఖాళీ చేయాలన్న షరతు మాత్రం కఠినంగా ఉండాలి. భోజనం సంగతి ఒడిశా వైపు మిషన్ శక్తి సంఘాలకు, ఆంధ్ర వైపు డ్వాక్రా సంఘాలకు అప్పగించవచ్చు. ఇడ్లీ పెట్టినా, చేపల పులుసు అమ్మినా ఆ ఆదాయం ఊరి ఆడపడుచులకే చేరుతుంది.

పర్యాటకులు పెరిగితే తీరం పాడవుతుందని పర్యావరణ ప్రేమికులు అభ్యంతరం చెప్పవచ్చు. ఆ అభ్యంతరాన్ని నేను పూర్తిగా గౌరవిస్తాను. ముఖ్యంగా ఋషికుల్య నదీ ముఖద్వారం వద్ద సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేల సంఖ్యలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. దాదాపు నెలన్నర తరువాత పొదిగి బయటపడే పిల్లలు వెలుతురును బట్టి సముద్రం వైపు నడుస్తాయి గనుక, ఒడ్డున ఒక బండి దీపం వెలిగినా దారి తప్పి చనిపోవచ్చు. పొడంపేట, పురుణబంధ పరిసరాల్లో ఎట్టి పరిస్థితుల్లోనూ మజిలీ ఉండకూడదు. అక్కడికి పగటిపూట, అటవీ శాఖ అనుమతించినంత వరకే వెళ్లాలి. వలలు ఆరబెట్టే చోట, పడవలు లాగే దారిలో బండ్లు నిలపరాదు, జనరేటర్లు వాడరాదు. నిర్ణీతమైన చోటు ఉన్నప్పుడే నిషేధం అమలవుతుంది. ఎక్కడ నిలపాలో చెప్పకుండా ఎక్కడ నిలపకూడదో చెబితే, చీకటి పడ్డాక దొరికిన చోటే జనం ఆగుతారు. పైగా తీర నియంత్రణ నిబంధనల వల్ల ఒడ్డున పక్కా హోటళ్లకు అనుమతి కష్టం, సమంజసం కూడా కాదు. క్యారవాన్‌కు కట్టడమే అక్కరలేదు.

క్యారవాన్ కొనగలిగినవారు ఎందరు, వారి కోసం ప్రభుత్వ ధనం ఎందుకని కొందరు అడగవచ్చు. ఈ మజిలీలు క్యారవాన్లకే పరిమితం కానక్కరలేదు. శ్రీముఖలింగం, శ్రీకూర్మం, పూరీ యాత్రలకు కుటుంబాలతో మినీ బస్సుల్లో వెళ్లేవారు నేడు రోడ్డు పక్కనే వంట చేసుకుని, బండిలోనే కునుకు తీస్తున్నారు. ఆడవారు మరుగుదొడ్డి కోసం పడే అవస్థ నా భార్య ఎన్నో చోట్ల కళ్లారా చూసింది. మన పూర్వులు జగన్నాథుని దర్శనానికి కాలినడకన, ఎడ్లబళ్ల మీద ఈ దారినే వెళ్లిన రోజుల్లో సత్రం, బావి, చెట్టునీడ ఉండేవి. బళ్లు మారాయి గాని అవసరం అదే.

అన్నిటికీ మించి ఇది రెండు రాష్ట్రాలు కలిసి చేయవలసిన పని. ఒడిశా పటాల్లో దారి గోపాలపురంతో ముగుస్తుంది, ఆంధ్ర పటాల్లో ఇచ్ఛాపురంతో మొదలవుతుంది. ప్రయాణికునికి మాత్రం అది ఒకే తీరం. గంజాం, గజపతి, శ్రీకాకుళం జిల్లాల కలెక్టర్లు ఒకసారి కూర్చుని, మూడు లిపుల్లో ఒకే పటం, ఒకే రుసుము, ఒకే ఫోన్ నంబరు నిర్ణయిస్తే చాలా భాగం తీరిపోతుంది. పెద్ద ప్రణాళిక కోసం ఆగకుండా, వచ్చే కార్తీకం వెళ్లేలోగా రంభలో ఒకటి, బారువలో ఒకటి, పర్లాకిమిడిలో ఒకటి చొప్పున ప్రయోగాత్మకంగా తెరవాలనీ, శీతకాలం ముగిశాక ఎన్ని బండ్లు వచ్చాయో, గ్రామస్థులు ఏమన్నారో చూసి మిగతా చోట్ల సంగతి నిర్ణయించాలనీ రెండు పర్యాటక శాఖలనూ కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా