ఆన్‌లైన్ శిక్షణను తప్పుపట్టడం న్యాయం కాదు

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగుల ఆన్‌లైన్ శిక్షణ వట్టి కాలక్షేపమనీ, దాన్ని ఆపేసి మళ్లీ పాత పద్ధతిలో తరగతులు పెట్టాలనీ గత వారం మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. ఆ పాత తరగతులకు 27 ఏళ్లు వెళ్లివచ్చిన రెవెన్యూ ఉద్యోగిగా ఈ జవాబు రాయక తప్పడం లేదు.

చర్ల, దుమ్ముగూడెం వంటి ఏజెన్సీ మండలాల ఉద్యోగి ఒక్కరోజు శిక్షణకు కొత్తగూడెం చేరాలంటే తెల్లవారకముందే బస్సెక్కి, భద్రాచలం దగ్గర గోదావరి దాటి రావాలి. నేను పనిచేసిన చోట్లన్నింటా జరిగిందొక్కటే: ప్రారంభోపన్యాసాలతో సగం పూట గడిచేది, వెనక వరుసలకు మైకు వినిపించేది కాదు, భోజనాలయ్యాక హాజరు పట్టీలో సంతకం పెట్టి తిరుగు బస్సు చూసుకోవడమే మిగిలేది. ఆరోజు ఆదాయ ధ్రువపత్రం కోసం కార్యాలయానికి వచ్చిన కూలీ మాత్రం పని పోగొట్టుకుని ఖాళీ కుర్చీ చూసి వెళ్లేవాడు.

చట్టాలేమో మన తీరిక కోసం ఆగడం లేదు. 2024 జులై 1న 511 సెక్షన్ల భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) పోయి 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో భూరికార్డుల వ్యవస్థ ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఠాణాలూ తహసీల్ కార్యాలయాలూ మూసి అందరినీ హాళ్లలో కూర్చోబెట్టడం సాధ్యమా? ఈ అవసరం గుర్తించే కేంద్ర మంత్రివర్గం 2020 సెప్టెంబరు 2న ఉద్యోగులకు ఆన్‌లైన్ శిక్షణ ఇచ్చే పథకం మిషన్ కర్మయోగిని ఆమోదించి, సుమారు 46 లక్షల కేంద్ర ఉద్యోగుల కోసం 510.86 కోట్ల రూపాయలు కేటాయించింది.

ఫైళ్లను కంప్యూటర్‌లోనే నడిపే ఈ-ఆఫీసు వచ్చినప్పుడు నేను యాభై దాటినవాణ్ని. నా కొడుకు వయసు పిల్లల ముందు లేచి, నోట్‌ఫైలు ఎలా పంపాలో తెలియడం లేదని అడగడానికి నోరు రాలేదు. ఆన్‌లైన్ పాఠంలో ఆ భాగాన్ని నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూసి నేర్చుకున్నాను. తరగతిలో ఆ సిగ్గును దాచుకుని, పని నేర్చుకోకుండానే పదవీ విరమణ చేసిన పెద్దలు నాకు తెలుసు.

వీడియో మోగనిచ్చి, వినకుండా సర్టిఫికెట్ తీసుకునేవాళ్లున్నారన్న ఆ పాఠకుడి మాట నిజమే. కానీ ఆ అలవాటు నేర్పింది పైఅధికారులే. నెలాఖరుకు ఎన్ని సర్టిఫికెట్లు వచ్చాయని మెమోలిస్తారు తప్ప, సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో సూటిగా జవాబు రాయడం ఎవరికి వచ్చిందో ఒక్కరూ అడగరు. పాఠాలు చాలావరకు ఇంగ్లిషులోనో హిందీలోనో అందుతున్నాయి. పైగా వాటిని ఇంటికెళ్లాక చూడమంటారు. ఇంటిపని ముగించుకుని రాత్రి పదకొండింటికి ఫోను పట్టుకున్న మహిళా ఉద్యోగికి ఏం తలకెక్కుతుంది? శిక్షణ కూడా ఉద్యోగంలో భాగమేనన్న ఇంగితం మన పాలనలో కరవైంది.

కనుక ఆపవలసింది ఆన్‌లైన్ శిక్షణను కాదు. పది నిమిషాలకు మించని పాఠాలను మన ఫైళ్లలోని ఉదాహరణలతో తెలుగులో తయారు చేయించాలి. పరీక్షగా మ్యుటేషన్ (భూమి రికార్డులో పేరు మార్పు) దరఖాస్తు ఒకటి చేతికిచ్చి ఉత్తర్వు రాయించాలి. వారానికి ఒక గంట పనివేళల్లోనే కేటాయించాలి. ఆ గంట కోసం మా కార్యాలయంలో నేను రెండుసార్లు రాతపూర్వకంగా అడిగాను, ఇంతవరకు జవాబు రాలేదు.

— ఒక సీనియర్ అసిస్టెంట్, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా