ఆయన ‘సెక్యూరిటీ ఉద్యోగి’ కాదండీ

సంపాదకులకు,

పోయిన మంగళవారం మీ జిల్లా పేజీలో మా దగ్గరి కాలేజీలో జరిగిన భద్రతా అవగాహన సదస్సు వార్త వేశారు. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను, తగ్గలేదు. శాలువాలు కప్పించుకున్న అయిదుగురి పేర్లూ పదవులతో సహా అచ్చయ్యాయి. అసలు పాఠం చెప్పిన మనిషి గురించి మాత్రం ‘విశ్రాంత సెక్యూరిటీ ఉద్యోగి ఒకరు కూడా మాట్లాడారు’ అని ఒక్క ముక్క. ఒకరట!

ఆ ఒకరు మా పక్కింటి సుబేదార్ గారు. ఇరవై ఏళ్లకు పైగా మిలిటరీలో చేశారు, మధ్యలో డెప్యుటేషన్ మీద ఎన్‌ఎస్‌జీకి, అంటే ఉగ్రవాదుల్ని ఎదుర్కొనే కేంద్ర కమాండో దళానికి వెళ్లారు. అందులోని స్పెషల్ యాక్షన్ గ్రూపులోకి ఆర్మీ వాళ్లనే తీసుకుంటారు, బ్లాక్ క్యాట్ కమాండోలంటే వీళ్లే. 2008 నవంబర్ 26న ముంబై మీద దాడి జరిగినప్పుడు వాళ్లంతా ఢిల్లీ దగ్గర మానేసర్‌లో ఉన్నారు, విమానమేమో చండీగఢ్ నుంచి రావాలి, ముంబైలో దిగేసరికి తెల్లారింది. ఆ ఆలస్యం చూశాకే 2009లో హైదరాబాద్‌తో సహా నాలుగు నగరాల్లో ఎన్‌ఎస్‌జీ స్థావరాలు (హబ్‌లు) పెట్టారు. మీరూ ముంబై వెళ్లారా అని అడిగితే సుబేదార్ గారు నవ్వి ఊరుకుంటారు. రిటైరయ్యాక సెక్యూరిటీ గార్డులకు ట్రైనింగ్ ఇస్తూ, పిలిచిన కాలేజీకల్లా వెళ్లి పిల్లలకు చెబుతున్నారు. చాలాచోట్ల ఆటో ఖర్చు కూడా ఇవ్వరు.

ఆ రోజు నేనూ వెళ్లాను. ఆయన అందరికంటే ముందొచ్చి మూడో వరసలో ఒక కుర్చీ కింద ఖాళీ స్టీలు టిఫిన్ క్యారియర్ పెట్టారు. రెండు గంటలు ఉపన్యాసాలు నడిచాయి. చివర్లో ఈయనకు పది నిమిషాలిస్తే, మైకు పట్టుకుని ‘ఆ క్యారియర్ ఎవరిదమ్మా?’ అన్నారు. హాలంతా గప్‌చుప్. ఎవరో మరిచిపోయారనుకుని కాలితో పక్కకి నెట్టానని ఒకమ్మాయి చెప్పింది. ఊడ్చే ఆయమ్మ ఒక్కతే దాన్ని గమనించి లెక్చరర్‌కు చెప్పిందట, సభ జరుగుతుంటే ఈ గోలేంటని ఆయన కసిరి పంపేశాడట. మీ విలేకరి అక్కడే కూర్చుని ఇదంతా విన్నాడు, ఒక్క అక్షరం రాయలేదు.

2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు జరిగిన సాయంత్రమే దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు దొరికింది. 2013 ఫిబ్రవరి 21న అదే దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు కట్టిన బాంబులు పేలాయి. సైకిలైనా క్యారియరైనా మనం రోజూ చూసే వస్తువులేగా, ఇక ఎవరు పట్టించుకుంటారు?

ఇక గార్డుల సంగతి. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల 2005 చట్టం కింద వచ్చిన రూల్స్ ప్రకారం గార్డుకు 100 గంటలు క్లాసులో, 60 గంటలు ఫీల్డులో ట్రైనింగ్ ఇవ్వాలి. మాజీ సైనికుడైనా 40, 16 గంటలు తప్పవు. మా వైపు ఒక మాల్‌లో గార్డుకుర్రాణ్ని అడిగితే, ‘యూనిఫాం ఇచ్చి నిలబడమన్నారు సార్’ అన్నాడు. వాడి తప్పేం లేదు, పన్నెండు గంటల డ్యూటీ, కూర్చోడానికి స్టూలు కూడా లేదు. మెటల్ డిటెక్టర్ నాకూ మోగింది, నా వెనకాయనకూ మోగింది, ఎవరూ తలెత్తలేదు. మా అపార్టుమెంటు రిజిస్టరులో నా పైన సంతకం పెట్టినాయన ఫోన్ నంబరుకు తొమ్మిదంకెలే వేశాడు. తనిఖీ చేయాల్సిన అధికారులు ఎప్పుడైనా వచ్చారా అంటే, ఏదైనా జరిగాక వస్తారు, టీవీ వాళ్లతో పాటు.

మీ పేపరూ తక్కువేం తినలేదు. ఒకప్పుడు ఊళ్లో సభ జరిగితే వక్త ఏం చెప్పాడో రాసేవారు, ఇప్పుడు ఎవరు ఎవరికి పూలదండ వేశారో రాస్తున్నారు. సినిమా వాళ్ల పెళ్లికి అరపేజీ దొరుకుతుంది, దీనికి నాలుగు వాక్యాలకు చోటు లేదా?

సుబేదార్ గారు మీ వార్త చదివి, పేపరు మడిచి కూరగాయల సంచిలో పెట్టుకుని బజారుకెళ్లారు. ఆయన అడగరు కాబట్టి నేను అడుగుతున్నాను. సవరణ వేయండి. మొదటి పేజీ అక్కర్లేదు, ఆ మూలే చాలు. ఆ ఆయమ్మ పేరూ కనుక్కుని వేయండి, కాలేజీకి ఒక్క ఫోన్ చేస్తే చెబుతారు.

– ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్