ఏబీఎస్ లైటు ఆరలేదంటివే, దానికి

పాపా,

నిన్న ఫోన్లో మాటల్లో మాటగా అనేసినావు, బైకులో ఏబీఎస్ లైటు ఆరడంలేదు నాయనా, బ్రేకులు బానే పడతావుండాయి కదా అని నడిపేస్తావుండా అని. రాత్రంతా నాకు అదే ఆలోచన, అందుకే రాస్తావుండా, పూర్తిగా చదువు మా.

బ్రేకులు పడతాయి, నిజమే. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసేది, ఆ లైటు వెలిగితే అదొక్కటే ఆగిపోతాది, మామూలు బ్రేకు పనిచేస్తానే ఉంటాది, అందుకే నీకు తేడా తెలీదు. పూతలపట్టు రోడ్డులో వాన పడేటప్పుడు ఎనుము అడ్డమొచ్చి నువ్వు గట్టిగా బ్రేకు పట్టినావంటే అప్పుడు తెలుస్తాది, ముందు చక్రం బిగుసుకుంటే మనిషి ఒకపక్క బండి ఒకపక్క. కార్తీకం వానలు మన పక్క ఎట్లుంటాయో నీకు చెప్పాల్నా.

కీ వేస్తే లైటు వెలగాల, బండి కొంచెం కదిలినాక ఆరిపోవాల. ఆరలేదంటే ముందు చూడాల్సింది చక్రం దగ్గర సెన్సార్. డిస్కు పక్కన కంతలుండే రింగు ఉంటాది కదా, ఆ కంతలు ఎంత జోరుగా పోతావుండాయో లెక్కపెట్టేదే సెన్సార్ పని, బురదో బ్రేకు ప్యాడ్ల పొడో పట్టుకున్నా లెక్క తప్పుతాది. మొన్న ముందు టైరు మార్పించినావు కదా, లైటు ఆ తర్వాతే వచ్చిందా? చక్రం ఊడదీసేటప్పుడు వైరు నలిగినా సెన్సార్ పక్కకి జరిగినా ఇట్లే అవుతాది. బ్యాటరీ డల్ అయినా వెలుగుతాది, అదీ చూపించు.

ఇంకోటి, ఇది మీ అమ్మకి ఇప్పటికీ తెలీదు. ఆ బండి 2015లో కొన్నాం. కొన్నాక నాలుగేండ్లు నేను బ్రేక్ ఆయిల్ మార్చనేలేదు. ఒకరోజు అమ్మని వెనక కూర్చోబెట్టుకుని తిరుమల నుంచి దిగుతావుండా, కిందికొచ్చే పాత ఘాట్ రోడ్డులో, 1944లో వేసింది అది, మలుపు మలుపుకీ బ్రేకు పట్టుకుంటానే వచ్చినా, సగం దిగినాక లివర్ మెత్తగా వచ్చి హ్యాండిల్‌కి తగిలింది, బ్రేకే లేదు. గేర్లు తగ్గించుకుంటా తగ్గించుకుంటా గోడ పక్కన ఆపినా. అమ్మేమో కొండలు చూసేదానికి ఆపినాననుకునింది, నా చేతులు వణుకుతావుండాయి మా.

బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ లాక్కుంటాది. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు, నీళ్ళు కలిసినాక 155 దగ్గరే మరిగేస్తాది, ఘాట్లో మాదిరి బ్రేకు పట్టుకుంటానే ఉంటే వేడికి అట్లే అవుతాది, లోపల ఆవిరి పట్టేసి లివర్ నొక్కినా బలం చక్రం దాకా పోదు. ఏబీఎస్ బండికి ఇంకో నష్టం కూడా ఉంది, ఆ తేమకి ఏబీఎస్‌ని నడిపే యూనిట్ లోపల సన్న వాల్వులు తుప్పు పట్టి ఇరుక్కుంటాయి, అది పోతే అయ్యే ఖర్చు మన పాత బండికి పెట్టేది కాదు. రెండేండ్లకొకసారి మార్పించు, నల్లగా కాకపోయినా సరే. మామూలుగా బ్లీడింగ్ చేస్తే, అంటే పాత ఆయిల్‌నీ గాలినీ బయటికి తోసేస్తే, యూనిట్లో పాత ఆయిల్ కొంచెం మిగిలిపోవచ్చు, మెకానిక్ దగ్గరుండే స్కానర్ మిషను పెట్టి అది కూడా తీయమని అడుగు. డాట్ 5 మాత్రం పోయనీయొద్దు, అది సిలికాన్ ఆయిల్, ఏబీఎస్‌కి పనికిరాదు.

ఈ శనివారం బస్సులో వచ్చేయ్, బండి ముట్టుకోవద్దు. ఆదివారం నేను నీతోపాటు చిత్తూరు వస్తా, సీల్ తీయని ఆయిల్ డబ్బా తెస్తా, ఇద్దరం కలిసి సెన్సార్ తుడిచి చూద్దాం. టైరు ఏ రోజు మార్పించినావో గుర్తు తెచ్చుకుని పెట్టు.

నాయన